పెద్ద రాయి, చిన్న రాయి

ముందుగా క్షమించమని అడగాలి. నేను అక్షరాలు దిద్దుకున్నది జుట్టు నెరిసిన తర్వాత. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నా మాట పూర్తిగా వినవు. ఒక కాగితం నిండేసరికి పొయ్యి మీది కాఫీ చల్లారి, మళ్ళీ కాగి, మళ్ళీ చల్లారుతుంది. తప్పులు కనిపిస్తే మీరే సరిచేసుకుని చదువుకోండి. రాసేది మా ఆయన ఆర్లిస్ గురించి. చెప్పుకోదగ్గ పని ఆయన ఏదీ చెయ్యలేదు. ఒక్క శనివారం ఆయన ఎలా గడిపాడో చెబితే చాలు, మనిషి మొత్తం తెలిసిపోతాడు.

ఆ శనివారం ఎండ సోర్‌వుడ్ లోయలోకి దిగేసరికే ఆర్లిస్ గుట్ట మీద సగం గడ్డి కోసేశాడు. మర్నాడు పూల ఆదివారం. మే నెలాఖరున పెల్ఫ్రీల ఇంటి వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తమ వాళ్ళ సమాధుల మీద పూలు పెట్టి, గుట్ట కింద కలిసి భోంచేసి పోతారు. వాళ్ళు వచ్చేలోగా గుట్ట శుభ్రంగా ఉండాలి.

ఆయన వాడేది పొడుగు కర్ర కొడవలి. గడ్డి కోసే మిషను అక్కడ పనికిరాదు. నేల నిటారుగా ఉంటుంది, గడ్డిలో దాగిన సమాధి రాళ్ళకు తగిలి విరుగుతుంది. కొడవలి అయితే రాయి ఉన్న సంగతి ముందే చేతికి చెబుతుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము కదలకుండా భుజాలు మాత్రం తిప్పుతూ, రొట్టెల పిండి కలిపినంత నిమ్మళంగా కోసేవాడు. పొట్టి మనిషి. మెడ మీద చర్మం ఎండకు కాగి, బీటలు పడ్డ బురదలా గళ్ళు గళ్ళుగా ఉండేది. కనుబొమల మధ్య ఒక నీలం మచ్చ. బొగ్గు గనిలో పైకప్పు పెళ్ళ విరిగి మీద పడ్డ రోజున చర్మంలోకి దిగిన పొడి అది. ఎంత కడిగినా పోలేదు. ఆ దెబ్బే ఆయన నడుమునూ పాడుచేసింది.

గని నుంచి బయటపడ్డాక ఆయనకు మిగిలింది ఈ పని. లోయలో ఎవరు పోయినా గొయ్యి తవ్వడం, గుట్ట మీద గడ్డి కోయడం, చలికాలంలో అందరికంటే ముందు వెళ్ళి చర్చి పొయ్యి వెలిగించడం. "లోపలా తవ్వాను, బయటా తవ్వుతున్నాను. ఇక్కడ కనీసం తలెత్తితే ఆకాశం ఉంది" అనేవాడు. ఏడుపుగా కాదు, నిజంగానే ఆ ఆకాశం తనకు లాభం వచ్చినట్టు అనేవాడు.

ఎవరేం అడిగినా కాదనడం ఆయనకు రాదు. ఆవు ఊబిలో దిగబడినా, పొగగొట్టంలో పిట్ట గూడు పెట్టినా ఆర్లిస్ కోసమే కబురు వచ్చేది. మా అమ్మ అనేది, "మీ ఆయన్ని దయ్యం వచ్చి పార అడిగినా పిడి తుడిచి మరీ ఇస్తాడే" అని. ఆయన పెల్ఫ్రీ కాడు. పెల్ఫ్రీలం మేము. కొండ అవతలి నుంచి నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయిన ఇల్లరికపు అల్లుడు. అయినా మా గుట్ట మీద ఎవరెక్కడ పడుకున్నారో మాకంటే ఆయనకే ఎక్కువ పట్టింపు.

గొయ్యి తవ్వడంలో ఆయనకు ఒకటే పద్ధతి. తల పడమరకు, కాళ్ళు తూర్పుకు. ప్రభువు పిలిచే ఆ చివరి పొద్దున సమాధుల్లోంచి అందరం లేచినప్పుడు సూర్యుడు ఎదురుగా ఉండాలి కదా. ఆలుమగలైతే భార్య ఎప్పుడూ భర్తకు ఎడమ చేతి పక్కన. పెళ్ళిలో నిలబడినట్టే. మా అమ్మకు, పిన్నికి, ఇంకెందరికో అలాగే తవ్వాడు. మంచు గడ్డకట్టిన నేలలో ఎడమ పక్కన బండ తగిలినప్పుడు కూడా, సుత్తీ గడ్డపారా తెచ్చుకుని బండనే పగలగొట్టాడు తప్ప ఆ మనిషిని కుడి పక్కకు జరపలేదు.

గుట్ట పై అంచున రెండు పాత రాళ్ళు ఉన్నాయి. అక్షరాలు లేని ఉత్త రాళ్ళు. ఒకటి నడుమెత్తు పలక రాయి. దాని పక్కన మోకాలి కంటే తక్కువ ఎత్తున ఒక చిన్న రాయి. పెద్దది ఈనాక్ పెల్ఫ్రీది అని పుట్టిన ప్రతి పిల్లకూ చెబుతారు. కంబర్లండ్ కనుమ దాటి ఈ లోయలోకి మొదట వచ్చిన మనిషి ఆయన. చిన్నది ఆయన భార్యది. ఆమె పేరు ఎవరికీ తెలియదు.

గడ్డి కోత ఆ రాళ్ళ దగ్గరకు వచ్చాక ఆర్లిస్ టోపీ తీశాడు. జేబులోంచి పొగాకు చిటికెడు తీసి పెద్ద రాయి మీద పెట్టాడు. "ఏం తాతా, చలికాలం బాగా గడిచిందా?" అన్నాడు. ఏటా అదే మాట, అదే చిటికెడు.

"నీకా గడ్డి పీకుడు ఇంకా అవలేదా బావా?" అని కింద నుంచి కేక వినిపించింది. మా పెదనాన్న కొడుకు హోబర్ట్. ట్రక్కు వెనక్కి నడుపుతూ గుట్ట దారి ఎక్కిస్తున్నాడు. "నీ గడ్డం కన్నా ఈ గుట్టే నయం, ఏటా ఒక్కసారైనా గీస్తావు."

"గడ్డం చూసేది మీ చెల్లెలొక్కతే. గుట్ట చూసేవాళ్ళు రేపు ఊరంతా."

ట్రక్కులో గోనె సంచుల మధ్య కొత్త సమాధి రాయి ఉంది. నల్లగా, అద్దంలా. పెల్ఫ్రీ వంశ సంఘానికి హోబర్ట్ పెద్ద. రెండేళ్ళు అందరి వెంటా పడి ఆ రాయి చేయించాడు. దాని మీద ఏముందో, కోసిన గడ్డి పోగుచేస్తున్న నాకు అతనే చదివి వినిపించాడు. 'ఈనాక్ పెల్ఫ్రీ. ఈ లోయకు మొదటగా వచ్చినవాడు.' అడగకుండానే రెండోసారి కూడా చదివాడు. చెడ్డవాడేమీ కాదు హోబర్ట్. తనదనుకున్నదాన్ని గట్టిగా పట్టుకునే మనిషి, అంతే.

"ఇవాళే దీన్ని సిమెంటులో నిలబెట్టాలి. ఆ పాత పలక పీకేసి గేటు దగ్గర మెట్టుగా వేద్దాం. రేపు జనం వచ్చేసరికి తాత కొత్త బట్టల్లో కనబడాలి" అన్నాడు.

"అలాగే" అన్నాడు ఆర్లిస్.

అప్పుడే ట్రక్కు వెనక ఒక దుమ్ము పట్టిన కారు వచ్చి ఆగింది. అందులోంచి నలభై దాటిన ఆడమనిషి దిగింది. సన్నగా, ఎండుగడ్డి రంగు జుట్టుతో ఉంది. చేతుల మీద కోళ్ళు పొడిచిన గీతలు. పేరు నెవా అంది. మిస్సోరీ నుంచి వచ్చానంది.

"ఎవరి మనిషివమ్మా?" అన్నాడు హోబర్ట్. మా లోయలో ఎవరికైనా మొదటి ప్రశ్న అదే.

"ఈనాక్ గారికి ఆబ్నర్ అని ఒక కొడుకుండేవాడట కదండీ, పెళ్ళాన్ని తీసుకుని పడమటి వైపు వెళ్ళిపోయాడని. మేం ఆయన తాలూకే."

"ఆబ్నర్ ఉన్నాడని మేమూ విన్నాం. ఎటు పోయాడో వినలేదు." హోబర్ట్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏటా ఎవరో ఒకరు వస్తారమ్మా, మిస్సోరీ నుంచో టెక్సాస్ నుంచో. మేమూ పెల్ఫ్రీలమే అంటారు. ఆధారం చూపించమంటే కాగితాలున్న కోర్టు కాలిపోయిందంటారు."

"కాలిపోయిన మాట నిజమే కదండీ."

"నిజమే. అదే మీ అందరికీ కలిసొచ్చింది."

ఆమెకు కోపం రాలేదు. ట్రక్కులోకి తొంగి కొత్త రాయి మీది అక్షరాలు చదివింది. "ఆయనొక్కడే వచ్చాడా? మరి ఆబ్నర్‌ని కన్నదెవరు?" అంది.

"పేరు తెలిస్తే చెక్కించకపోదుమా?"

"దానికోసమే వచ్చానండీ నేను." ఆమె ఆర్లిస్ వైపు తిరిగింది. ఆయన కొడవలికి సానరాయి రాస్తూ వింటున్నాడు. "మా నాన్న మంచం పట్టాడు. ఇంకెన్నో రోజులుండడు. మగవాళ్ళ పేర్లన్నీ వరసగా అప్పజెబుతాడు. ఈనాక్ దాకా వచ్చి ఆగిపోయి, 'మరి ఆ తల్లి పేరేంటే అమ్మాయ్? పేరు లేని తల్లి ఉంటుందా?' అంటాడు. కనుక్కుని వస్తానని మాటిచ్చి బయల్దేరాను. దారిలో అందరినీ అడిగాను. ఇదే ఆఖరి చోటు. సాయంత్రం మళ్ళీ వెళ్ళిపోవాలి."

ఆర్లిస్ సానరాయి జేబులో పెట్టుకున్నాడు. "పేరు మాకూ తెలియదమ్మా. మనిషి మాత్రం అదిగో, ఆ చిన్న రాయి కింద ఉంది. వెళ్ళి పలకరించు. తర్వాత భోజనానికి కిందకి రా. ఖాళీ కడుపుతో వెతికితే ఏదీ దొరకదు" అన్నాడు.

గుట్ట కింద వాల్‌నట్ చెట్ల నీడలో బల్లలు వేశాం. శుభ్రం చేసేందుకు వచ్చిన వాళ్ళం ఒక పది పదిహేను మందిమి. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, పచ్చి ఉల్లికాడలు, నేను తెల్లవారుజామునే పొయ్యి మీద పెట్టిన చిక్కుడు వరుగుల కూర. వరుగులంటే మాకు ప్రాణం. ఎండాకాలంలో లేత కాయల్ని దారానికి గుచ్చి, వసారాలో దండలుగా వేలాడదీసి గలగలలాడేదాకా ఎండబెడతాం. మళ్ళీ నానబెట్టి, ఉప్పు పట్టిన పంది ముక్క వేసి, నెమ్మదిగా ఉడికిస్తాం.

బల్ల మొదట్లో మా మేనత్త మిల్డీ కూర్చుని ఉంది. తొంభై దగ్గర పడింది, నోట్లో పళ్ళు లేవు, పొగాకు పైపు మాత్రం ఉంది.

"ఆ మిస్సోరీ పిల్లకి ముందు పెట్టండే. అంత బక్కచిక్కిపోయిందేం, అక్కడ తిండి పండదా?" అంది.

నెవా కంచం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. గిన్నెలోకి చూడగానే ఆమె ముఖం చిన్నపిల్ల ముఖమైపోయింది. "అబ్బ, టెంపీలు! మా నాయనమ్మ పోయాక ఈ వరుగులు మళ్ళీ తిననేలేదు. మొహమాటం లేకుండా అడుగుతున్నాను, కాస్త ఎక్కువ వెయ్యండి" అంది.

నా గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఏమన్నావే?" అంది మిల్డీ అత్త.

"ఎక్కువ వెయ్యమన్నానండీ. తప్పా?"

"అది కాదు. వాటినేమన్నావు?"

"టెంపీలనే కదా అన్నాను. గోధుమ రంగు గింజ, మధ్యలో తెల్ల కన్ను. మా ఇంట్లో ఎప్పుడూ అంతే అంటాం. మీరేమంటారు?"

"మేమూ అదే అంటాం" అన్నాను నేను. "మేం తప్ప ఇంకెవరూ అనరు."

"నేను పెళ్ళయ్యేదాకా ఆ పేరే వినలేదు. కొండకి అవతల పక్కే మా ఊరు" అన్నాడు ఆర్లిస్, రొట్టె తుంచుతూ.

హోబర్ట్ కోడి కాలు కంచంలో పెట్టేశాడు. "ఏ అంగట్లోనో విని ఉంటుంది."

"ఏ అంగట్లో రా?" మిల్డీ అత్త పైపు నోట్లోంచి తీసింది. "టెంపీలు ఎవరన్నా అమ్మగా చూశావా? అవి చేతులు మారతాయి కానీ అంగడెక్కవు. అత్త కోడలికిస్తుంది, తల్లి కూతురికిస్తుంది. ఇల్లు వదిలి పోయేదానికి గుప్పెడు గింజలు గుడ్డలో కట్టి ఇవ్వకపోతే ఆ అత్త అత్తే కాదు. ఏమే అమ్మాయ్, మీ నాయనమ్మకెవరిచ్చారు?"

"ఆవిడ అత్తగారు. ఆవిడకి ఆవిడ అత్తగారు."

"అట్లా పోయి పోయి ఆబ్నర్ పెళ్ళాం దగ్గర ఆగుతుంది. దానికెవరిచ్చారు?"

మిల్డీ అత్త బల్ల మీద పైపు తట్టింది.

"మా ఇంట్లో నల్ల మచ్చల చిక్కుడుంది, దాన్ని బార్బరా అంటాం. బార్బరా మా అమ్మకి అత్తగారు. విత్తనానికి ఊరికే పేరు పెట్టరు. దాచినావిడ పేరే పెడతారు. టెంపీ అని ఒక ఆడమనిషి ఉండాలి. ఆబ్నర్ పోకముందే ఉండాలి. ఈ లోయలోనే ఉండాలి."

"ఏ పక్కింటావిడో అయ్యుండొచ్చుగా అత్తా" అన్నాడు హోబర్ట్.

"మొదట వచ్చినవాడికి పక్కిల్లెక్కడిది రా?"

బల్లంతా గొల్లున నవ్వింది. హోబర్ట్ కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. నవ్వు ఆగాక మిల్డీ అత్త గిన్నెలోకి తొంగి చూసింది. "ఇన్నేళ్ళూ ఆవిణ్ణి ఉడకేసుకు తింటూనే ఉన్నాం. ఎవరివే తల్లీ నువ్వు అని ఒక్కళ్ళమూ అడగలేదు" అంది.

నెవా కంచం బల్ల మీద పెట్టింది. "టెంపీ" అని నెమ్మదిగా అంది. ఇంకోసారి అంది. వాళ్ళ నాన్న మంచం పక్కన నిలబడి చెబితే ఎలా ఉంటుందో చూసుకుంటోందని నాకు అర్థమైంది. తర్వాత కూర రెండుసార్లు వేయించుకుంది.

భోజనాలయ్యాక అందరం గుట్ట ఎక్కాం. ఆర్లిస్ పార, గడ్డపార భుజాన వేసుకుని ముందు నడిచాడు. పెద్ద రాయి పీకి కొత్తది నిలబెట్టే పని మిగిలే ఉంది. నెవా చిన్న రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీది నాచు గోటితో గీకుతోంది. "ఇది ఆవిడదేనని ఖాయమా అండీ?" అంది.

"ఖాయమేనమ్మా. ఇక్కడ ఎప్పుడూ ఒకటే పద్ధతి." ఆర్లిస్ పనిముట్లు దింపి, పెద్ద రాయికి వీపు ఆనించి, తూర్పు వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. "ఇప్పుడు నేనే ఈనాక్ తాతననుకో. కాళ్ళు అటు, తల ఇటు. పెళ్ళాం ఎప్పుడూ ఎడమ చేతి పక్కన" అంటూ ఎడమ చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చూపించిన చోట ఏమీ లేదు. గడ్డి, దాని తర్వాత ముళ్ళ పొద. చిన్న రాయి ఆయన కుడి పక్కన ఉంది.

ఆయన చెయ్యి దించలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చేతులు మార్చి, కుడిది చూసుకుని, మళ్ళీ ఎడమది చూసుకున్నాడు. మెల్లగా వెళ్ళి చిన్న రాయికి వీపు పెట్టి తూర్పుకు తిరిగాడు. ఎడమ చెయ్యి చాపాడు. వేళ్ళు వెళ్ళి పెద్ద రాయి మీద ఆనాయి. పొద్దున పెట్టిన పొగాకు ఇంకా అక్కడే ఉంది.

"డెల్ఫీ" అన్నాడు నాతో. "నేనిన్నేళ్ళూ మీ అవ్వకి పొగాకు పెడుతున్నానే."

"ఆవిడేమన్నా వద్దందా?" అంది మిల్డీ అత్త. "పెట్టిందల్లా నమిలేసి ఉంటుంది. మనింటి ఆడవాళ్ళు పొగాకు వద్దన్నదెప్పుడు?"

హోబర్ట్‌కు నవ్వు రాలేదు. "పెద్ద రాయి ఆడమనిషికి పెట్టి, చిన్నది ఆయనకి పెడతారా ఎవరన్నా? మొదట వచ్చినవాడికి?"

"ఆయన ముందు పోయుంటాడు రా" అంది అత్త. పైపుతో చిన్న రాయిని చూపించింది. "అప్పటికి పిల్లలు పసివాళ్ళు. ఆవిడ ఒక్కతీ ఎంత మొయ్యగలిగితే అంత రాయి తెచ్చి పెట్టుకుంది. ఆవిడ పోయేనాటికి కొడుకులు ఎదిగారు, ఎద్దులొచ్చాయి. అంతే అయ్యుంటుంది. ఇంకేముంది?"

నెవా చిన్న రాయి అడుగున రెండు చేతులూ పెట్టి, ఎత్తబోతున్నట్టు ఒకసారి పట్టుకుని చూసింది. వదిలేసి వెనక్కి కూర్చుంది.

"సరే, అదంతా ఎవరు చూశారు?" అన్నాడు హోబర్ట్. "ఈనాక్ అంటే పెద్ద రాయి అని అందరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు. రేపు జనం వచ్చి అక్కడే చూస్తారు. బావా, కానియ్యి. పొద్దు వాలకముందు ఆ పలక పీకెయ్యి."

ఆర్లిస్ గడ్డపార తీసుకున్నాడు. దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "వద్దు బావా" అన్నాడు.

ఆ మాట ఆయన నోట రావడం నేను ఎన్నడూ వినలేదు. హోబర్ట్ కూడా విని ఉండడు. "ఏంటీ?" అన్నాడు.

"ఈ రాయి నేను పీకను."

"నువ్వు పీకకపోతే నేను పీకుతాను."

"పీకు. ఇదిగో గడ్డపార." నిజంగానే పిడి అతని వైపు చాపాడు. "కానీ ఇది పీకి ఆ నల్ల రాయి ఇక్కడ పెట్టాక, ఆవిడ పైన ఆయన పేరుంటుంది. ఆవిడెక్కడుందో ఇంకెవరికీ తెలియదు. ఈ పిల్ల ఇంత దూరం వచ్చింది. వెళ్ళి వాళ్ళ నాన్నకేం చెప్పాలి? పేరు దొరికింది కానీ మనిషిని పోగొట్టానని చెప్పాలా?"

"మరి నేను రేపు అందరికీ ఏం చెప్పాలి? మీ తాతలంతా తప్పు రాయి ముందు టోపీలు తీశారని చెప్పాలా?"

"నా పేరు చెప్పు. ఆర్లిస్ గాడు తప్పు చూపించాడని చెప్పు. ఇల్లరికం వాణ్ణి, నాకెలాగూ పరువు లేదు."

హోబర్ట్ గడ్డపార అందుకున్నాడు. పెద్ద రాయి మొదట్లో దాని మొన ఆనించాడు కూడా. రాయిని చూశాడు, మా అందరినీ చూశాడు, చివరికి నెవాను చూశాడు. ఆమె తలొంచుకుని గోళ్ళలో నాచు తీసుకుంటోంది. అతను ఊపిరి వదిలి, గడ్డపారను గడ్డిలో పడేశాడు.

"కొత్త రాయి ఆ చిన్నదాని వెనక పెడదాం. కానీ నువ్వే తవ్వాలి, నేను తవ్వను" అన్నాడు.

"ఎప్పుడు తవ్వావు గనక?" అన్నాడు ఆర్లిస్.

కొత్త రాయి నిలబడేసరికి ఎండ మెత్తబడింది. మిగతావాళ్ళు కిందకు వెళ్ళిపోయారు. ఆర్లిస్ మా ఇంటి కొట్టంలోంచి చిన్న ఉలి, సుత్తి తెమ్మన్నాడు. వాటితో పాటు గాజు జాడీ నిండా బావి నీళ్ళు పట్టుకెళ్ళాను. పెద్ద రాయి తూర్పు ముఖం మీద, కుంపటి బొగ్గు ముక్కతో నెవా పేరు రాసింది. ఆర్లిస్ దాని ముందు ఒక గోనె పరుచుకుని కూర్చున్నాడు.

పెద్ద చదువేమీ లేని మనిషి. అందుకే ఆ బొగ్గు గీత దాటి ఒక్క పెచ్చు కూడా రాలకుండా, ప్రతి అక్షరాన్నీ బొమ్మ చెక్కినట్టు చెక్కాడు. కాసేపు కొట్టడం, నోటితో పొడి ఊదడం, జాడీ ఎత్తి ఒక గుక్క తాగడం. నేనూ నెవా గడ్డిలో కూర్చుని చూస్తున్నాం. ఆమె తన కోళ్ళ సంగతులు చెప్పింది. ఒక పుంజు ఉందట, పోస్టు బండి వస్తే చాలు, ఎగిరి దాని మీద ఎక్కుతుందట. ఆర్లిస్ చెక్కడం ఆపి, ఆ పుంజు కథ ఇంకోసారి చెప్పించుకున్నాడు.

పేరు పూర్తయ్యాక అరచేత్తో తుడిచాడు. "చూడమ్మా, సరిపోయిందా?"

నెవా ఆ అక్షరాల వెంబడి నెమ్మదిగా వేలు పోనిచ్చింది. లేచి ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఇక బయల్దేరు, బయల్దేరు. మీ నాన్న ఎదురు చూస్తుంటాడు" అన్నాడు. ఆమె కారు మలుపు తిరిగేదాకా ఇద్దరం గుట్ట మీదే నిలబడ్డాం. మూడో రోజున ఆమె హోబర్ట్ వాళ్ళింటికి ఫోను చేసింది. వాళ్ళ నాన్న ఆ పేరు విని, "ఆఁ, అట్లా చెప్పు" అని, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత సుఖంగా నిద్రపోయాడట.

ఇంటికి వచ్చాక ఆర్లిస్ చేతులు కడుక్కుని, మిగిలిన వరుగులూ రొట్టే తిన్నాడు. కాఫీని ఎప్పటిలా సాసరులోకి వంచుకుని తాగాడు. "ఆ హోబర్ట్ గాడి ముఖం చూశావే, గడ్డపార చేతికిచ్చేసరికి?" అని ఒకసారి నవ్వాడు. వసారాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇంకా వెలుగుంది. కొండ మీద కాకులు గూటికి చేరుతున్నాయి. నేను గిన్నెలు కడుగుతూ లోపలి నుంచే అడిగాను, రేపు ఏ చొక్కా వేసుకుంటావని. జవాబు రాలేదు. నిద్రపోయాడనుకున్నాను. గిన్నెలన్నీ కడిగి, గుడ్డ ఆరేసి, ఆ తర్వాతే బయటికి వెళ్ళాను.

చేతులు ఒళ్ళో ఉన్నాయి. రాతి పొడి ఇంకా కనుబొమల్లోనే ఉంది. ఏదో మంచి మాట వింటున్నట్టుంది ముఖం.

మంగళవారం ఆయన్ను గుట్ట మీదకు తీసుకెళ్ళాం. గొయ్యి హోబర్ట్ తవ్వాడు. ఇంకెవరినీ పార ముట్టుకోనివ్వలేదు. అరచేతులు బొబ్బలెక్కితే, నా దగ్గరకు వచ్చి అవి చూపించాడు.

అప్పుడు చూశాను. ఆదివారం వచ్చిన జనానికి మా ఇంటి సంగతి ఇంకా తెలియక ముందే, ఎవరో తొలిపొద్దున గుట్ట ఎక్కి ఉంటారు. కొత్త పేరు చూసి, పూలు పెట్టేందుకు పాత్ర కోసం చుట్టూ వెతికి ఉంటారు. టెంపీ రాయి మొదట్లో, ఆయన సగం తాగి వదిలేసిన గాజు జాడీలో, ఎర్రటి పియొనీ పూలు ఆ నీళ్ళు పీలుస్తూ నిండుగా విచ్చుకుని ఉన్నాయి.

— డెల్ఫీ హాల్సీ, డెబ్బై ఒకటో ఏడు. ఇప్పుడు ఉంటున్నది సోర్‌వుడ్ లోయ మొదట్లో, చర్చి పక్కన రెండు గదుల ఇంట్లో, కెంటకీ.